పక్కన పరిగెత్తే మనిషి

ఉదయం ఆరున్నరకు పళ్లు తోముకుందామని అక్క స్నానాల గదిలోకి వెళితే, కుళాయికి వేలాడుతున్న తాడు చేతికి తడిగా తగిలింది.

ముందురోజు సాయంత్రం దాన్ని సబ్బు పెట్టి ఉతికి, పిండి ఆరేసింది తనే. మూరన్నర తాడు. రెండు చివరలా చేతికి తొడుక్కునే పట్టీలు, మధ్యలో సాగే రబ్బరు. పరుగులో ఒక పట్టీ చూపులేని చెల్లెలి చేతికి, రెండోది గైడుగా దారి చెప్పే అక్క చేతికి. తెల్లారేసరికి పొడిపొడిగా ఆరిపోవాల్సిన తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సబ్బు వాసన లేదు, చెమట వాసన.

గదిలోకి తొంగిచూసింది. రెండో మంచం మీద చెల్లెలు తల నిండా దుప్పటి కప్పుకుని ఉంది. తలుపు పక్కన ఆమె బూట్లు, అడుగున పచ్చిగడ్డి అంటుకుని ఉన్నాయి.

“దొంగనిద్ర చాలు గాని, లే. ఎక్కడికెళ్లావ్?”

“పరుగుకి.”

“ఒక్కదానివేనా?” అడిగాక గాని అదెంత తెలివితక్కువ ప్రశ్నో అక్కకి తట్టలేదు.

దుప్పట్లోంచి నవ్వు వినిపించింది. “ఆ, తాడు రెండో చివర గాలికి కట్టి పరిగెత్తా.”

“నవ్వకు. ఎవరితో వెళ్లావ్?”

నవ్వు ఆగింది. చెల్లెలు లేచి కూచుని, చేత్తో తడుముకుని నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. గదిలో అక్క ముందు అవి పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు.

“ఫైరుతో.”

ఫైరు అంటే అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. అక్కకి ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే గైడుగా అక్కరకొస్తుందని కోచ్ ఆర్నెల్ల కిందట జట్టులోకి తెచ్చాడు. ‘పేరు ఫైరు, నోట్లో నీరు’ అని అక్క అప్పుడే ఒక సామెత కట్టింది. ఎవరేమన్నా ఊఁ కొట్టడమే తప్ప ఆ పిల్ల పెదవి విప్పదు.

“ఎంతలో చేశారు?”

“వద్దులే అక్కా.”

“అడిగినదానికి చెప్పు.”

“అయిదు కిలోమీటర్లు, పంతొమ్మిది నిమిషాల అయిదు సెకన్లు.”

అక్క మంచం అంచున కూచుంది. ఈ ఏడాది తామిద్దరూ చేసిన అన్నిటికన్నా మంచి పరుగు ఇరవై నిమిషాల నలభై సెకన్లు.

“తొమ్మిదేళ్ల నుంచీ మనమెంత వేగమో నాకు తెలుసు. నేనెంత వేగమో ఎప్పుడూ తెలీదు. ఒక్కసారి తెలుసుకుందామనిపించింది, అంతే,” అంది చెల్లెలు. “ఆదివారం పందెంలో ఈత, సైకిల్, పరుగు మూడిటికీ మనిద్దరమే. ఇంకోళ్ల మాటే లేదు.”

అక్క తాడుని తీసుకెళ్లి మళ్లీ ఉతికింది. ఉతికినంతసేపూ రుద్దిన చోటే రుద్దుతూ ఉంది.

మధ్యాహ్నం హోటల్ వరండాలో జంట సైకిల్‌ని పెట్టెలోంచి తీసి బిగించే పని పెట్టుకుంది. విమానంలో పట్టడానికి వీలుగా అది నడిమికి రెండు ముక్కలుగా ఊడుతుంది. ముందు సీటు గైడుది, వెనక సీటు చెల్లెలిది. అక్క రెండు ముక్కల్నీ కలిపి, మరల్లో గ్రీజు రాసి, ఒక్కొక్క బోల్టూ వరసగా బిగిస్తోంది. కోచ్ వచ్చి పక్కనే గొంతుక్కూచున్నాడు. మెడలో ఎప్పుడూ రెండు స్టాప్‌వాచీలు వేలాడుతుంటాయని అందరూ ఆయన్ని గడియారం సారంటారు.

“తెలిసిందా?” అన్నాడు.

“నాకివాళ తెలిసింది. మీకు ముందే తెలుసు.”

“టైము తీసింది నేనే.”

“నన్నొక మాట అడిగి ఉండొచ్చు కదా సార్.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకునేదాన్ని కాదు. అయినా అడగాలి.”

ఆయన చైనుకి అంటిన దుమ్ము వేలితో తుడిచాడు. “నిజమే. అది నా తప్పు,” అన్నాడు. “కానీ రేపు నాలుగింటిలోగా గైడు పేరు రాసివ్వాలి. తర్వాత మార్చడానికి లేదు. ఈతలో నీ తర్వాతే ఎవరైనా. ఆ పిల్లతో నీళ్లల్లో దిగితే నలభై సెకన్లు పోతాయి. సైకిల్ మీద మీరిద్దరూ సరిసమానం. పరుగులో మాత్రం ఆ పిల్లతో నిమిషమున్నర కలిసొస్తుంది. మొదటి ముగ్గురిలో వస్తేనే వచ్చే ఏడాది ప్రపంచ పోటీలకి చోటు. ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు.”

“తను నాతోనే పరిగెత్తుతానంది.”

“అంటుంది. ఎందుకనదు?”

అక్క పానా వదల్లేదు. బోల్టు బిగిస్తూనే ఉంది. కోచ్ చెయ్యి చాపి ఆమె చేతిలోంచి పానా మెల్లిగా తీసుకున్నాడు. “ఇక చాలమ్మా. మర తెగుతుంది.”

మర్నాడు పొద్దున ట్రాక్ దగ్గర అక్క మోకాలు పట్టేసిందని అబద్ధమాడింది. ఎందుకాడిందో అప్పటికి ఆమెకే సరిగా తెలియదు. “మీరిద్దరూ పరిగెత్తండి, నేను కూచుంటా,” అని తాడు పట్టీని తన చేతులతోనే ఫైరు మణికట్టుకు తొడిగి, వెళ్లి మెట్ల దగ్గర ఇనుప కమ్మీని ఆనుకుని నిలబడింది.

చెల్లెలి పరుగు అక్కకు కొత్త కాదు. కానీ చూసినదెప్పుడూ పక్కనుంచే. ఒక భుజం, ఒక చెవి, ఊగే మోచెయ్యి, నేల మీద పడే పాదం. మనిషి మొత్తం పరిగెత్తుతుంటే ఎలా ఉంటుందో దూరంగా నిలబడి చూడడం ఇదే మొదటిసారి.

మొదటి చుట్టులో ఆమె చూపంతా ఫైరు మీదే. తప్పులు పట్టుకుందామని చూసింది. దొరికాయి కూడా. మలుపొస్తోందని మలుపులోకి వచ్చాక చెబుతోంది. మోచెయ్యి కర్రలా బిగబట్టింది. రెండో చుట్టులో చూపు దానంతటదే చెల్లెలి మీదికి పోయింది.

అది తనెరిగిన అడుగు కాదు. తన పక్కనున్నప్పుడు చెల్లెలి పాదాలు టకటకమని దగ్గరదగ్గరగా పడేవి. ఆమె పరుగు తీరే అంత అనుకుంది ఇన్నాళ్లూ. ఇక్కడ మడమ వెనక్కి నడుం దాకా లేస్తోంది, మోకాలు సాగుతోంది, పాదం ఎక్కడో ముందుకెళ్లి పడుతోంది. గడ్డం కొంచెం పైకెత్తి, నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ పోతోంది. ఇద్దరి మధ్యా తాడు వదులుగా ఊగుతోంది.

తాడునే చూస్తూ ఉండిపోయింది అక్క. తనతో ఉన్నప్పుడు అది ఎప్పుడూ ముందుకి లాగుతున్నట్టుండేది. రబ్బరు పాతబడి బిగుసుకుపోయిందనుకుని రెండుసార్లు కొత్తది వేయించింది.

అక్క మెట్టు మీద కూచుంది. నిన్నటి నుంచి తనకి అన్యాయం జరిగిందని లోపల్లోపల రగిలిపోతోంది. ఎవరికి జరిగిందో, ఎన్నాళ్లుగా జరుగుతోందో కళ్లెదురుగా చుట్లు కొడుతోంది.

పరుగు ముగించి ఫైరు చెల్లెల్ని తీసుకొచ్చి మెట్ల మీద కూచోబెట్టి, సైగగా తల ఊపి పక్కకి తప్పుకుంది.

“ఎన్నాళ్ల నుంచి?” అంది అక్క.

“ఏంటి?”

“నా కోసం ఆగి పరిగెత్తడం.”

“ఆగలేదక్కా.” చెల్లెలు చేతిలోని నీళ్లసీసా మూత విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది. “సర్దుకున్నా. రెండేళ్లయిందేమో.”

“సర్దుకున్నావా?” అక్క గొంతు లేచింది. “బస్సులో సీటు చాలకపోతే సర్దుకుంటారు. మంచం ఇరుకైతే సర్దుకుంటారు. పందెంలో సర్దుకునేదాన్ని నిన్నే చూస్తున్నానే!”

“నువ్వు లేకపోతే నేను పందెం దాకా వచ్చేదాన్నా?”

“అది వేరే మాట. దాన్ని తెచ్చి దీనికి ముడెయ్యకు.”

“నీకు బాధగా లేదా?”

“లేకేం? కడుపు మండిపోతోంది. అయితే ఏం చేద్దాం, నా కడుపు చల్లబడేదాకా నువ్వు మెల్లిగా పరిగెత్తుతావా? నాకు ముప్పై ఎనిమిది. వచ్చే ఏడాదికి ముప్పై తొమ్మిది. నా కాళ్లు ఇంక పెరగవు.”

చెల్లెలు సీసా మూత గట్టిగా బిగించింది. ఎవరో నీళ్లగొట్టంతో గడ్డి తడుపుతున్నారు. ఆ చప్పుడు దగ్గరికొచ్చి, దూరమయింది.

“ఆ పిల్ల మాట్లాడదక్కా,” అంది చివరికి చిన్నగొంతుతో. “బాగా పరిగెత్తుతుంది. కానీ పక్కన మనిషున్నట్టే ఉండదు. ట్రాక్ మీద సరే. పందెంలో అంతమంది మధ్య, గతుకుల్లో... నాకు భయమేస్తుంది.”

“మాట్లాడించే పూచీ నాది.”

మూడున్నరకి పేర్లు రాసిచ్చే బల్ల దగ్గరికి ఫైరుతో కలిపి ముగ్గురూ వెళ్లారు. అక్క కాగితం ముందుకు లాక్కుని, గైడు అన్నచోట ఫైరు పేరు విడివిడి అక్షరాలతో రాసింది. చెల్లెలి చూపుడువేలు పట్టుకుని సంతకం గీత దగ్గర ఆనించింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

“అక్కా, నాలుగో స్థానం వస్తే?”

“వస్తే నాలుగోదే. కానీ నీ నాలుగో స్థానం.”

చెల్లెలు సంతకం పెట్టింది. బల్ల వెనకున్న పెద్దమనిషి, “గాయమా?” అని అడిగాడు కాగితం చూసి.

“కాదండీ,” అంది అక్క మెడలోని గైడు కార్డు తీసి బల్ల మీద పెడుతూ. “నా చెల్లెలు నాకంటే వేగం, అంతే.”

శుక్రవారం పొద్దున్నుంచి పాఠం మొదలయింది. హోటల్ నుంచి చెరువుగట్టు దాకా నడుస్తూ కనబడినవన్నీ చెల్లెలికి చెప్పమంది ఫైరుని.

“రోడ్డుంది,” అంది ఫైరు.

“ఉంటుంది మరి, ఆకాశంలో నడుస్తామా? ఎలాంటి రోడ్డు?”

ఫైరు బాగా ఆలోచించింది. “గట్టి రోడ్డు.”

చెల్లెలు పగలబడి నవ్వింది. అక్క నవ్వలేదు. తాము వాడే మాటలన్నీ ఒప్పజెప్పింది. రోడ్డు అంచు అడ్డొస్తే గుమ్మం. ఇరుకు దారి సందు. ఎవరూ లేని చదునైన దారి వసారా. ఫైరు వాటిని పిల్లల ఎక్కాల్లా వల్లెవేసింది, కానీ అడుగు వేగం కాగానే ఒక్కటీ నోటికి రాలేదు. గుమ్మం అనాల్సిన చోట సందు అంది. చెల్లెలి బొటనవేలు అంచుకు కొట్టుకుంది.

సాయంత్రానికి అక్కకి ఓపిక నశించింది. సంచిలోంచి తువ్వాలు తీసి ఫైరు కళ్లకి గంతలు కట్టి, తాడు తన చేతికి తగిలించుకుని, ఒక్క మాట లేకుండా గట్టు మీద నడిపించడం మొదలెట్టింది. పది అడుగులు బాగానే పడ్డాయి. పదిహేనో అడుగుకి ఫైరు పాదంతో నేల తడిమింది. ఇరవయ్యో అడుగులో ఆగిపోయింది.

“ఏదైనా చెప్పండక్కా!”

“ఏం చెప్పను? రోడ్డుంది.”

ఫైరు గంతలు విప్పుకోలేదు. అలాగే నిలబడి, గాలి పీల్చుకుని, ఆర్నెల్లలో ఎన్నడూ లేనంత పెద్దమాట అంది. “పొగలోకి వెళ్లినప్పుడు మేమూ ఇంతే అక్కా. ఏం కనపడదు. ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని పోతాం. ముందున్నవాళ్లు మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందంటే మనిషి పడిపోయినట్టే.”

“మరి అక్కడ నీకు మాటలొస్తాయా?”

“అక్కడ నోరాగదు.”

“మరి ఇక్కడేం రోగం?”

“ఇక్కడ అన్నీ కనపడుతున్నాయి కదా.”

“నీకు!” అంది అక్క. అని తనే మెత్తబడింది. “ఆదివారం దారంతా పొగే అనుకో. పొగలో ఏమంటావో అదే అను. మా మాటలు వదిలెయ్.”

శనివారం చెల్లెలూ ఫైరూ పందెం దారంతా నడిచారు. అక్క నాలుగడుగులు వెనకగా నడుస్తూ విన్నది. ‘ముందు చదును. ఎడమ వంపు, మూడు, రెండు, ఒకటి, ఇప్పుడు. నా వైపు. ఇంకా నా వైపు. సరే.’ మాటలు పొట్టిగా, గరుకుగా ఉన్నాయి. అందం లేదు. కానీ చెల్లెలి పాదం తడబడలేదు. గుమ్మం, సందు, వసారా అన్న మాటలు ఇక ఎవరికీ అక్కరలేదన్న సంగతి మింగుడు పడడానికి అక్కకి గట్టు చివరి దాకా పట్టింది.

ఆ రోజే కోచ్ ఆమెను పక్కకి పిలిచాడు. “రేపు నువ్వు చప్పట్లు కొట్టు. నోరు మాత్రం విప్పకు. గైడు తప్ప బయటివాళ్లెవరూ దారి చెప్పకూడదన్న నియమం ఎలాగూ ఉంది. అది కాదు నేననేది. నీ గొంతు వినపడితే చాలు, నీ చెల్లెలి కాలు దాని వెనకే పోతుంది. ఆ పిల్ల చెప్పేది చెవికెక్కదు.”

“నోరు మూసుకోవడం నాకు రాదు సార్.”

“నేర్చుకో. ఇంకా ఒక పూట టైముంది.”

ఆదివారం నీళ్లు చల్లగా, నల్లగా ఉన్నాయి. బూర మోగగానే పదకొండు జంటలు చెరువులోకి దూకాయి. ఇద్దరిద్దరికీ తొడల దగ్గర తాడు. అక్క గట్టు మీద నిలబడి తనవాళ్ల పసుపు టోపీలు వెతుక్కుంది. తానైతే ఈపాటికి గుంపుకి బయటగా పక్కనుంచి తీసుకుపోయేది. ఫైరు గుంపు నడిమిలోకే పోయింది. ఎవరి కాళ్లో తగిలి ఆగారు. మళ్లీ కదిలారు. గట్టెక్కేసరికి ఏడో జంట. మూడో జంటకీ వీళ్లకీ మధ్య దాదాపు నిమిషం తేడా.

“నలభై సెకన్లే పోతాయన్నారు సార్,” అంది అక్క.

“యాభై పోయాయి,” అన్నాడు కోచ్ వాచీ నొక్కి. “చూద్దాం.”

సైకిల్ మీద ఇరవై కిలోమీటర్లలో ఇద్దర్ని దాటారు. పరుగు మొదలయ్యేసరికి అయిదో స్థానం. పరుగు రెండు చుట్లు. అక్క జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ చివరి మలుపు దగ్గరికి చేరుకుంది. అక్కడి నుంచి ముగింపు గీత దాకా నాలుగు వందల మీటర్లు.

మొదటి చుట్టులో వాళ్లు నాలుగో జంటగా వచ్చారు. అక్కకి బారెడు దూరంలోంచి పోయారు. చెల్లెలి ముఖం మీద ఉప్పు చారలు. అడుగు ట్రాక్ మీద చూసిన అడుగే, పొడవుగా, తొణక్కుండా ఉంది. ఫైరు నోరు ఆడుతూనే ఉంది. అక్క చప్పట్లు కొట్టింది. ఇంకో వందమంది చప్పట్లలో అవీ కలిసిపోయాయి. చెల్లెలు తల తిప్పలేదు. తిప్పాల్సిన పనీ లేదు.

రెండో చుట్టుకి జనం పెరిగారు. అవతలి వైపు జనం తోపులాటలో ఇనుప కంచె ఒకటి జరిగి, దాని కాలు జానెడుకి పైగా రోడ్డు మీదికి పొడుచుకొచ్చింది. చెల్లెలు పరిగెత్తే వైపే. అక్క చెయ్యెత్తి అవతలున్న కాపలా మనిషికి చూపించింది. అతను అటు వచ్చే జంటల్నే చూస్తున్నాడు. రోడ్డు దాటడానికి లేదు. అప్పటికే మలుపు తిరిగి ఎర్రదుస్తుల జంట వస్తోంది, వాళ్ల వెనకే, పది అడుగుల్లో, చెల్లెలూ ఫైరూ.

ఫైరు మాట్లాడడం లేదు.

నోరు తెరిచే ఉంది. మాట లేదు. గాలి కోసం తెరిచిన నోరది. చెల్లెలి వేగం ఆ పిల్ల ఊపిరినంతా లాగేసుకుంది. తాడు మొదటిసారి బిగుసుకుని కనపడింది. చెల్లెలు సరిగ్గా ఆ ఇనుపకాలి మీదికే పోతోంది. పాతిక అడుగులు. ఇరవై.

“కుడికి!” అన్న మాట అక్క గొంతు దాకా వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ మాట ఆలోచన కంటే ముందు వచ్చేది. తన గొంతు వింటే చెల్లెలు గొంతు వచ్చిన వైపు తిరుగుతుంది, ఫైరు మీద పడుతుంది, ఇద్దరూ పడతారు. అరవకపోతే ఇనుము మీద పడుతుంది. అక్క రెండు చేతులతో తన ముందున్న కంచె కమ్మీని పట్టుకుంది. పళ్లు గిట్టకరిచింది. పది అడుగులు.

ఫైరు మోచెయ్యి చెల్లెలి మోచేతికి తగిలింది.

“నా వైపు!”

మాట కాదు, దగ్గులాంటి చప్పుడు. చెల్లెలి పాదం ఎత్తింది ఎత్తినట్టే ఇటు పడింది. ఇనుపకాలు ఆమె మడమ పక్కన మిగిలిపోయింది. అడుగు తగ్గలేదు. అదే ఊపులో ఎర్రదుస్తుల వాళ్ల పక్కకొచ్చారు, ఇరవై అడుగులు భుజం భుజం కలిపి పరిగెత్తారు, తర్వాత వాళ్ల వీపులు మాత్రమే కనిపించాయి అక్కకి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

చేతులు కమ్మీ నుంచి ఊడిరావడానికి కాస్త టైము పట్టింది.

గీత అవతల చెల్లెలు కాళ్లు చాపుకుని నేల మీదే కూచుని ఉంది. ఫైరు ఆమె పక్కన వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తోంది. మూడో స్థానం. ఆరు సెకన్ల తేడా. అక్క వచ్చి రెండు బారల దూరంలో ఆగిపోయింది. 

“సార్, నాది ఎంత?” అంది చెల్లెలు. స్థానం అడగలేదు.

“పరుగా? పద్దెనిమిది యాభై రెండు.”

“పద్దెనిమిది యాభై రెండు.” నోట్లో వేసుకుని చప్పరించినట్టు ఆ అంకెని ఇంకోసారి అనుకుంది. “ఇంకా ఉంది సార్. చివర్లో ఇంకా మిగిలింది.”

“నాకేం మిగల్లేదు,” అంది ఫైరు నేల మీంచి. తర్వాత మోచేతుల మీద లేచి అక్కని చూసింది. “నీళ్లలో యాభై సెకన్లు పోగొట్టానక్కా. మీరు ఊళ్లో పిల్లలకి ఈత నేర్పుతారు కదా. నాకూ నేర్పండి.”

“పిల్లలకి నేర్పడం తేలిక. చెప్పింది వింటారు,” అంది అక్క. “మంగళవారం ఆరింటికి ఈతకొలను దగ్గరుండు. ఆలస్యమైతే ఇంటికి పంపిస్తా.”

ఆ గొంతు వినగానే చెల్లెలు నవ్వుతూ అటు చెయ్యి చాపింది. అక్క వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని పక్కనే కూలబడింది.

“చివరి మలుపు దగ్గర నిలబడ్డావు కదూ?” అంది చెల్లెలు.

“నీకెలా తెలుసే? నోరు మెదిపితే ఒట్టు!”

“అందుకే తెలిసింది. ఫైరు నన్ను తన వైపు లాగిన చోట నువ్వు దగ్గర్లో ఉన్నావు గనకే, నీ గొంతుకి నా కాలు తిరుగుతుందని నోరు కట్టుకున్నావు. దూరంగా ఎక్కడైనా ఉంటే అరిచి చచ్చేదానివి.”